కర్నూలు ఎండకు నిలిచే పియానో

పియానో కొనాలనుకుని నాకు ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది బ్రాండు, ఆ తర్వాత ధర. "యమహా మంచిదా, కవాయ్ మంచిదా మేడం? ఎంతలో వస్తుంది?" దాన్ని ఎవరు శ్రుతి చేస్తారు, ఏ గదిలో పెట్టాలి, మే నెలలో ఆ గది ఎట్లా ఉంటుంది అని అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. కర్నూల్లో ఉంటూ పియానో కొనేవాళ్లకు అసలు ప్రశ్నలు ఇవేనని నా వాదన. బ్రాండు సంగతి చివర్లో చూసుకున్నా మునిగిపోయేదేమీ లేదు.

నేను ఇంట్లో పిల్లలకు పియానో నేర్పుతాను. ఈ ఊళ్లో ఈ పని చేసేవాళ్లం చాలా తక్కువమందిమి. పిల్లలు ఎక్కువమంది కీబోర్డుతోనే మొదలుపెడతారు. కొందరు ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల గ్రేడు పరీక్షలకో, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే ఇంకో బ్రిటన్ సంస్థ పరీక్షలకో కూర్చుంటారు. నాలుగో గ్రేడో ఐదో గ్రేడో దాటాక తల్లిదండ్రులకు "ఇంక నిజం పియానో కొనిద్దాం" అనిపిస్తుంది. కొత్తదైనా పాతదైనా అది లక్షల మాట. ఈ ఊళ్లో షోరూం లేదు, పక్కింట్లో పియానో లేదు, పోయి అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. అందుకని జనం ఇంటర్నెట్లో ఫొటోలు చూసి, నల్లగా మెరుస్తున్నదాన్ని తెచ్చుకుంటారు.

ముందు వస్తువు సంగతి చెప్పుకుందాం. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరీ అనే ఆయన చేసిన మొదటి పియానోలో తీగలు పడుకుని ఉంటాయి. ఇప్పటి గ్రాండ్ పియానో ఆ వంశమే. ఇళ్లలో అంత చోటు లేనివాళ్ల కోసం తీగల్ని నిలువుగా బిగించి, గోడకు ఆనించుకునేలా చేసింది అప్‌రైట్. ఇందులోనూ 88 మీటలు, సుమారు 230 తీగలు ఉంటాయి. ఒక్కో తీగ దాదాపు 70 కిలోల బరువు వేలాడదీసినంత బిగువులో ఉంటుంది. అన్నీ కలిపితే 15 నుంచి 20 టన్నులు. అంత లాగుడును ఓర్చుకోవడానికి లోపల పోత ఇనుము ఫ్రేము ఉంటుంది కాబట్టే అప్‌రైట్ రెండు వందల కిలోల పైన తూగుతుంది.

అయితే ఇనుము తీగల్ని ఓర్చుకుంటుంది గానీ, తీగ కొసను చుట్టుకున్న పిన్నులను పట్టుకునేది మాత్రం కట్టె. పొరలు పొరలుగా అతికించిన గట్టి కట్టె, దాన్ని పిన్ బ్లాక్ అంటారు. ఆ రంధ్రాల్లో పిన్నులకు జిగురు లేదు, నట్టు లేదు. రంధ్రం పిన్ను కంటే కొంచెం సన్నగా ఉంటుంది, ఆ ఒరిపిడే పట్టు. ఇక శబ్దాన్ని గదంతా వినిపించేలా చేసే సౌండ్‌బోర్డు కూడా కట్టే. స్ప్రూస్ మాను పలక, తీగల వెనక పియానో అంత వెడల్పున ఉంటుంది.

కట్టె కాబట్టి తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మన ఊరి సంగతి తెలిసిందే కదా. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ 30 శాతానికి కిందికి దిగిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో అదే తేమ 70 దాటి పైకి పోతుంది. పియానోకు 40 నుంచి 60 శాతం మధ్య తేమ ఉండాలని, అదీ నిలకడగా ఉండాలని తయారీదారులు, ట్యూనర్లు చెప్పే లెక్క. మనకు ఆ అంకె దొరకదు, ఆ నిలకడా దొరకదు. వానాకాలంలో సౌండ్‌బోర్డు ఉబ్బి, దాని మీద తీగలు ఆనుకునే కట్టె బద్దీని, అంటే బ్రిడ్జిని, ముందుకు నెట్టి తీగల్ని ఇంకా బిగిస్తుంది, శ్రుతి పెరుగుతుంది. ఎండాకాలంలో ఆరి వెనక్కి తగ్గుతుంది, శ్రుతి పడిపోతుంది. అన్ని మీటలకూ ఒకే తీరుగా పడిపోతే సర్దుకుపోవచ్చు. నడిమి మీటలు ఎక్కువ పడతాయి, కొసలవి తక్కువ పడతాయి. నవంబరులో కమ్మగా పలికిన పియానో మే వచ్చేసరికి చెవికి ఎబ్బెట్టుగా వినిపించేది అందుకే.

శ్రుతి పోవడం జలుబులాంటిది కూడా కాదు, మామూలు విషయం. ట్యూనర్ వస్తే సరిపోతుంది. భయపడాల్సింది పిన్నులు వదులైతేనే.

ట్యూనర్ పక్కన కూర్చుని ఒకసారి చూస్తే ఇది తెలిసిపోతుంది. నా దగ్గర నేర్చుకునే ఒక పాప వాళ్లింట్లో, మే నెల మధ్యాహ్నం, హైదరాబాదు నుంచి వచ్చిన ట్యూనర్ పై మూత తీసి, ముందు పలక ఊడదీసి గోడకు ఆనించాడు. నడిమి భాగంలో ఒక్కో మీటకు మూడేసి తీగలుంటాయి. పొడవాటి ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ) పట్టీని స్క్రూడ్రైవర్ మొనతో ఆ తీగల సందుల్లోకి దోపుకుంటూ పోయాడు, అటూఇటూ తీగలు మూగబోయి నడిమిది ఒక్కటే పలికేలా. పిన్ను తిప్పే లివర్‌ను దానికి తొడిగి, ఎడమ చేత్తో మీట గట్టిగా కొడుతూ, కుడి చేత్తో లివర్‌ను వెంట్రుకవాసి జరిపాడు. స్వరం పైకొచ్చి కుదురుకుంది. లివర్ మీద చెయ్యి తీసి మళ్లీ కొట్టాడు. కిందికి జారింది. ఇంకొంచెం బిగించాడు. మళ్లీ జారింది, ఈసారి మేమందరం వింటుండగానే. ఆయన చెమట తుడుచుకుని, "పట్టు లేదమ్మా, కట్టె ఆరిపోయింది. ఇది ఒక్క పిన్నుతో పోయేది కాదు" అన్నాడు.

ఆ పియానోను వాళ్లు వానాకాలంలో ఒక పెద్ద నగరంలో ఒక దుకాణంలో కొన్నారు. విదేశాల నుంచి వచ్చిన పాతదానికి కొత్త పాలిష్ వేసి అమ్మారు. కొన్నప్పుడు బ్రహ్మాండంగా పలికింది, నేనూ వాయించి చూశాను. ఎండలు ముదిరేసరికి నెల తిరక్కుండానే శ్రుతి జారడం మొదలైంది. దుకాణానికి ఫోన్ చేస్తే "మీ ఊరి వాతావరణం అట్లాంటిది, మేమేం చేస్తాం" అని చేతులు దులుపుకున్నారు. వాతావరణం గురించి వాళ్లన్నది అబద్ధం కాదు. అమ్మేటప్పుడు ఆ ముక్క నోటికి రాలేదంతే. చివరికి ట్యూనర్ కొన్ని పిన్నుల మొదట్లో పల్చటి సూపర్ గ్లూ దించి, మరీ వదులైన చోట పాతవి తీసి ఒక సైజు లావు పిన్నులు వేశాడు. ఇవి ట్యూనర్లందరూ చేసే పనులే. కానీ దాని ఖర్చు ఆ కుటుంబం బడ్జెట్టులో ఎక్కడా లేదు.

అందుకని సెకండ్ హ్యాండ్ పియానోను చూడాల్సింది ఎండాకాలంలో. ఇది చాలామందికి కొత్తగా అనిపించవచ్చు. వానలప్పుడు తలుపు బిగుసుకుని తీయడానికి రానట్టే, పిన్ బ్లాక్ కూడా ఉబ్బి వదులు పిన్నులను సైతం గట్టిగా పట్టుకుంటుంది. ఆగస్టులో చూసిన పియానో తన లోపాన్ని దాచుకుంటుంది. మే నెలలో నిలిచిన పిన్ను ఇంకెప్పుడైనా నిలుస్తుంది. చూడటం మేలో చూసి, తెచ్చుకోవడం మాత్రం వానలు పోయి గాలి ఒక తీరుకు వచ్చాక తెచ్చుకోండి. అమ్మేవాళ్లు "ఇంకో పార్టీ రేపే వస్తోంది" అంటారు. రానివ్వండి.

చూసేటప్పుడు మీ వెంట ట్యూనర్ ఉండాలి, అదీ దుకాణం తాలూకు మనిషి కాకుండా మీరు డబ్బిచ్చి పిలుచుకున్న మనిషి. లివర్ పెట్టి నాలుగు చోట్ల పిన్ను తిప్పి చూస్తే పట్టు ఎంతుందో ఆయన చేతికి తెలిసిపోతుంది. ఆయన దొరక్కపోయినా మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని నడిమి 'సి' పైన వచ్చే 'ఎ' మీట కొట్టండి. 440 హెర్ట్జ్ రావాలి. బాగా కింద చూపిస్తే ఆ పియానోను ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదని అర్థం. దాన్ని పైకి తేవాలంటే ఒక్క ట్యూనింగుతో కాదు, మధ్యలో పాత తీగలు తెగే ప్రమాదమూ ఉంది. పై మూత తీసి టార్చి వేసి చూడండి. మీట నొక్కితే తీగను కొట్టే చిన్న సుత్తుల్లాంటి హ్యామర్ల మీద ఉన్ని ఫెల్టులో తీగల గాట్లు లోతుగా పడ్డాయా, పిన్నులకు, తీగలకు తుప్పు ఉందా, రాగి చుట్టిన మంద్రస్థాయి తీగలు గంటకొట్టినట్టు కాకుండా డబ్బా చప్పుడు చేస్తున్నాయా. వెనక్కి పోయి సౌండ్‌బోర్డు చూడండి. సన్నటి చీలిక ఒకటి కనిపిస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు. వాయించినప్పుడు అక్కడ జుయ్యిమనే గొణుగుడు లేకపోతే ఆ చీలికతోనే పియానో దశాబ్దాలు బతుకుతుంది.

ఆ తర్వాత 88 మీటలూ ఒక్కొక్కటే వాయించాలి. ముందు చాలా మెల్లగా, పలుకుతుందా లేదా అన్నంత మెల్లగా. తర్వాత ఒకే మీటను రెండు వేళ్లతో మార్చి మార్చి వేగంగా. గ్రాండ్‌లో హ్యామర్ తీగను కింది నుంచి కొట్టి తన బరువుతో తానే కిందికి పడుతుంది. అప్‌రైట్‌లో నిలువు తీగను ముందు నుంచి కొడుతుంది కాబట్టి స్ప్రింగు, చిన్న బట్ట పట్టీ కలిసి దాన్ని వెనక్కి తెస్తాయి. అవి అలిసిపోయి ఉంటే వేగంగా కొట్టినప్పుడు కొన్ని దెబ్బలు పలకవు. ఇవన్నీ చేస్తుంటే సేల్స్‌మన్ మొహం మాడ్చుకుంటాడు. లక్షలిచ్చేది మనం.

ఎక్కడి పియానో కొనకూడదో చెప్పమంటే నా జవాబు ముందు సముద్రం ఒడ్డు నుంచి మొదలవుతుంది. చెన్నై, ముంబై, గోవాలాంటి చోట్ల పాత ఇళ్లలో బ్రిటిష్ కాలం నాటి అప్‌రైట్లు ఇంకా ఉన్నాయి. చెక్కడాలు, కొవ్వొత్తి స్టాండ్లు, చూడముచ్చటగా ఉంటాయి. కొన్నింటిని ఉష్ణదేశాల కోసమని ఇత్తడి స్క్రూలతో, ఇత్తడి పట్టీలతో ప్రత్యేకంగా చేశారు. ధర కూడా చవకే. కానీ ఏళ్లకేళ్లు సముద్రపు గాలి పీల్చిన కట్టెను ఒక్కసారిగా తెచ్చి కర్నూలు ఎండలో పెడితే దానికి దిక్కు ఉండదు. పైగా వాటిలో చాలావాటికి తీగలు ఒకదాని మీదుగా ఒకటి ఏటవాలుగా పోకుండా నిటారుగా ఉంటాయి, తీగ మోతను ఆపే డ్యాంపర్లు హ్యామర్ల పైన పంజరంలాంటి కమ్ముల వెనక ఇరుక్కుని ఉంటాయి. బాగుచేయడానికి ఒప్పుకునే మనిషి దొరకడమే కష్టం. హాల్లో అందానికి కావాలంటే కొనుక్కోండి. పిల్లకు పరీక్ష కోసం కాదు.

జపాన్ నుంచి వచ్చే పాత యమహాలు, కవాయ్‌ల విషయంలో నేను అంత మొండిగా లేను. 1960ల నుంచి 80ల దాకా అక్కడ ఇళ్లలో పియానోలు విపరీతంగా చేరాయి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక అవి ప్రపంచమంతా తిరుగుతున్నాయి. యమహా యు1, యు3 వీటిలో పేరున్నవి. సీరియల్ నంబరు పెట్టి ఏ సంవత్సరంలో తయారైందో తెలుసుకోవచ్చు. జపాన్ మార్కెట్టు కోసం చేసినవాటి కట్టె పొడి ప్రాంతాలకు తగినట్టు ఆరబెట్టలేదని, వాటిని కొనొద్దని యమహా వాళ్లే అమెరికాలో చెప్పారు. కొత్తవి అమ్ముకోవడానికి వేసిన ఎత్తు అది అని పాతవి అమ్మేవాళ్లు కొట్టిపారేస్తారు. ఇద్దరికీ తమ తమ లాభం ఉంది. నా మటుకు నేను ఆ తగువులో తలదూర్చను. నలభై ఏళ్ల యు1 ఒకటి మే నెలలో పిన్నులు గట్టిగా పట్టుకుని నిలబడితే దాన్ని తీసుకొమ్మనే చెబుతాను. పాలిష్ చేశామని చెప్పినప్పుడు మాత్రం, పాలిష్ కాకుండా లోపల ఏమేం మార్చారు, తీగలా, పిన్నులా, హ్యామర్లా అని కాగితం మీద రాయించుకోండి.

కొత్తదైతే ఇంత తలనొప్పి లేదు, డబ్బు నొప్పి తప్ప. పెద్ద జర్మన్ పేరు పెట్టుకుని వేరే దేశంలో తయారయ్యే పియానోలు మార్కెట్లో చాలా ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు, వాటిలో మంచివీ ఉన్నాయి. ఆ పేరుకు మాత్రం అదనంగా డబ్బు కట్టకండి. చైనాలో గ్వాంగ్‌జౌలో 1956లో మొదలైన పెర్ల్ రివర్ ఇప్పుడు ప్రపంచంలోనే పెద్ద తయారీదారుల్లో ఒకటి. యమహా చిన్న మోడళ్లు కొన్ని ఇండోనేషియాలో తయారవుతాయి. పుట్టిన ఊరు బట్టి పియానోను తీసిపారేసే రోజులు పోయాయి.

ఎత్తు విషయంలో మాత్రం నేను పట్టు విడవను. అప్‌రైట్‌లో ఎత్తు పెరిగేకొద్దీ కింది స్వరాల తీగలు పొడుగవుతాయి, సౌండ్‌బోర్డు పెద్దదవుతుంది. యమహా బి1 ఎత్తు 109 సెంటీమీటర్లు, యు1 121, యు3 131. కవాయ్ కె-300 122. 109లో మంద్ర స్వరాలు పలుకుతాయి గానీ స్పష్టత ఉండదు, మబ్బు పట్టినట్టుంటాయి. కొట్టిన స్వరం ఏదో పిల్లలు చెవితో పట్టుకోలేరు. చోటు సంగతి చెప్పి చిన్నది కొనేవాళ్లు ఒక్కటి గమనించాలి. ఎత్తు పెరిగినా నేల మీద అది ఆక్రమించే చోటు పెద్దగా మారదు. 131 దాకా పోగలిగితే సంతోషం. 120కి కిందికి దిగకపోతే చాలు.

ఇక్కడే ఇంకో మాట, సంగీతం తెలిసినవాళ్లు నాతో గొడవపడే మాట. మంచి పియానో అంటే పొరలు లేని ఒంటి స్ప్రూస్ పలకతో చేసిన సౌండ్‌బోర్డు ఉండాలని పుస్తకాలన్నీ చెబుతాయి. పొరలు అతికించిన పలకను, అంటే లామినేటెడ్ దాన్ని, చవకబారుదని చూస్తారు. నాదం దగ్గర వాళ్ల మాటే నిజం, ఒంటి పలక నాదం నిండుగా ఉంటుంది. కానీ పొరల పలక ఎండకు చీలదు, తేమకు అంతగా కదలదు. ఏసీ లేని ఇంట్లో, ఏడాదికి రెండుసార్లు ట్యూనర్‌ను పిలిపించే స్తోమత లేని ఇంట్లో, కర్నూల్లో, నేను పొరల పలకకే ఓటేస్తాను. రెండేళ్లకు చీలి గొణిగే గొప్ప పలక కన్నా పదేళ్లు కుదురుగా ఉండే మామూలు పలక నేర్చుకునే పిల్లకు మేలు. అదే కారణంతో కవాయ్ వాళ్లు యాక్షన్‌లో, అంటే మీట నొక్కితే హ్యామర్‌ను కదిలించే యంత్రాంగంలో, కొన్ని భాగాలను కట్టెకు బదులు కార్బన్ ఫైబర్ కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేయడం నాకు నచ్చుతుంది. ప్లాస్టిక్ అనగానే మొహం చిట్లించేవాళ్లు జులైలో ఉబ్బి పైకి లేవని మీటను ఒకసారి చూసి మాట్లాడాలి.

గది సంగతి. షోరూంలో కార్పెట్ ఉంటుంది, సోఫాలుంటాయి, ఏసీ ఉంటుంది. మన ఇళ్లలో బేతంచెర్ల బండలో, కడప బండలో, ఇప్పుడైతే గ్రానైటో ఉంటుంది. నున్నటి గోడలు, పరదాలు పల్చన. శబ్దం దేన్నీ అంటుకోకుండా గోడ నుంచి గోడకు ఎగురుతుంది. షోరూంలో "ఎంత బ్రైట్‌గా ఉంది!" అనిపించిన పియానో ఈ గదిలో తలనొప్పి తెప్పిస్తుంది. కాబట్టి షోరూంలో కొంచెం మెత్తగా, మంద్రంగా అనిపించినదాన్నే ఎంచుకోండి. ఇంటికొచ్చాక కింద ఒక జంపఖానా, ఎదురు గోడకు మందపాటి పరదా. అప్పటికీ గట్టిగా ఉంటే ట్యూనర్ హ్యామర్ల ఫెల్టును సూదులతో పొడిచి మెత్తబరుస్తాడు. మెత్తబరిచినదాన్ని మళ్లీ గట్టిపరచడం అంత సులువు కాదు కాబట్టి ఆ పని నెమ్మదిగా, కొంచెం కొంచెంగా చేయించుకోవాలి.

ఇదంతా విన్నాక మా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది, మీరూ అడుగుతారు. "ఇంత బాధ ఎందుకు? డిజిటల్ కొంటే పోదా?" ఆయన వాదనలో బలం ఉంది. యమహా పి-45 లాంటిది పన్నెండు కిలోలు కూడా ఉండదు. శ్రుతి చేయాల్సిన పని లేదు, ఎండావానా లెక్క లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రాత్రి పదింటికి కూడా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ తలుపు తట్టరు. మొదటి రెండు మూడేళ్లకు నేనే డిజిటల్ కొనమంటాను, 88 మీటలు, బరువున్న మీటలు ఉంటే చాలు. బరువులేని 61 మీటల కీబోర్డు వేరే వాయిద్యం. ట్రినిటీలో దానికి సిలబస్సే వేరు. అది కొని పియానో నేర్పమంటే నా వల్ల కాదు.

నాలుగో గ్రేడు దాటాక మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. నిజమైన పియానోలో పెడల్ తొక్కి ఒక స్వరం కొడితే మిగతా తీగలన్నీ దానితో కలిసి మెల్లగా కదులుతాయి. పెడల్‌ను సగం మాత్రమే వదిలితే ఆ శబ్దం సగమే ఆగుతుంది. మీటను మరీ మెల్లగా నొక్కితే హ్యామర్ తీగను చేరదు, స్వరమే రాదు. ఆ అంచు ఎక్కడుందో వేలికి తెలియాలి. మంచి డిజిటల్ ఇవన్నీ అనుకరిస్తుంది, ఖరీదైనది ఇంకా బాగా అనుకరిస్తుంది. కానీ ఖరీదైన డిజిటల్ ధరకు మంచి పాత అప్‌రైట్ దొరుకుతుంది. ఆ డిజిటల్ సర్క్యూట్ బోర్డు పోతే దాన్ని బాగుచేసేవాళ్లు ఈ ఊళ్లో లేరు, కొన్నేళ్లకు స్పేర్లూ ఉండవు. అప్‌రైట్‌లో పోయేది ఫెల్టో, స్ప్రింగో, తీగో. అవి ఎప్పటికీ దొరుకుతాయి. ఇక్కడికొచ్చేసరికి మా ఆయన పేపర్ తీసుకుని చదువుకుంటాడు.

ఇంటికి తేవడం ఇంకో ఘట్టం. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. రోడ్డు బాగుంది కాబట్టి దారిలో భయం లేదు, దించేటప్పుడే ఉంది. మన హమాలీలు ఉల్లిగడ్డ బస్తాలు, పత్తి బేళ్లు అవలీలగా మోస్తారు. పియానో బరువంతా వెనకవైపు, పైన ఉంటుందని వాళ్లకు ముందే చెప్పాలి. ముందువైపు మీటల పలక కింద చేతులు పెట్టి ఎత్తనివ్వకండి, వెనక ఉన్న దూలాలు, పక్క పలకలు పట్టుకోవాలి. అది వెనక్కి ఒరిగిందంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కింద చక్రాలున్నాయి కదా అని బండల మీద దొర్లించుకుంటూ తీసుకుపోకండి. ఆ చక్రాలు ఊడ్చేటప్పుడు కొద్దిగా జరపడానికే.

కింద ఇల్లా, మిద్దె మీదా? తుంగభద్ర, హంద్రీ దగ్గర్లో పల్లంగా ఉన్న వీధుల వాళ్లకు 2009 అక్టోబరు 2 నాటి వరద గుర్తుండే ఉంటుంది. నీళ్లలో మునిగిన పియానోను ఎవరూ బతికించలేరు. అతుకులు విడిపోతాయి, తీగలు తుప్పుపడతాయి, ఫెల్టు కుళ్లిపోతుంది. అట్లాంటి చోట ఉంటే, మెట్లు ఎక్కించడం కష్టమైనా, పైఅంతస్తే మేలు. సిమెంటు స్లాబుకు 230 కిలోలు ఒక లెక్క కాదు, ముగ్గురు నలుగురు మనుషులు నిలబడినంత. పాత మట్టి మిద్దె అయితే మాత్రం పైన పెట్టే ఆలోచనే వద్దు.

పెట్టిన గదిలో ఐదారు వందల రూపాయల తేమ మీటరు ఒకటి గోడకు తగిలించండి. పియానో కన్నా ముందు కొనాల్సిన వస్తువు అది. మీరు చూడబోయే అంకెల కథ ఇది. మధ్యాహ్నం కూలర్ వేస్తారు, తేమ 25 నుంచి 65కు ఎక్కుతుంది. సాయంత్రం ఆపేస్తారు, మళ్లీ 30కి పడుతుంది. కట్టెకు ఎండ కన్నా ఈ ఊగిసలాటే చేటు. నిలకడగా 35 శాతమే ఉన్న గది కూడా పియానోకు దీనికన్నా నయం. కాబట్టి కూలర్ ఉన్న గదిలో పియానో వద్దు. తప్పనిసరైతే గాలి దానికి నేరుగా తగలకుండా, వేరే మూలకు. పడమటి గోడ ఎండకు కాలుతుంది, ఆ గోడకూ వద్దు. లోపల హీటరు కమ్మీ, నీళ్ల డబ్బా ఉండి తేమను ఒక స్థాయిలో పట్టి ఉంచే సిస్టమ్‌లు బయట దేశాల్లో పియానోలకు బిగిస్తారు. దొరికితే, డబ్బుంటే మంచిదే, కాకపోతే మన వేసవిలో ఆ డబ్బాలో నీళ్లు ఇట్టే ఆరిపోతాయి, నింపుతూనే ఉండాలి. అందరూ చెప్పే చిట్కా, కింది పలక తీసి లోపల గిన్నెతో నీళ్లు పెట్టడం. ఏమీ లేనప్పుడు పర్వాలేదు, గిన్నె ఒలికితే మాత్రం బాధ్యత నాది కాదు.

ఎలుకల గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఒక పియానోలో కింది మీటలు కొన్ని బరువెక్కాయని కింది పలక తీసి చూస్తే లోపల బుడ్డల (వేరుశనక్కాయల) పొట్టు గుప్పెళ్లకొద్దీ ఉంది. ఎలుక ఎక్కడినుంచో బుడ్డలు తెచ్చుకుని అక్కడే కూర్చుని వలుచుకుంది. పడకకు ఫెల్టు కొరికి పీచు చేసుకుంది, హ్యామర్ల బట్ట పట్టీలు నాలుగైదు తెంపింది. ఉచ్చ పడిన చోట తీగలు పచ్చబారాయి. పెడళ్ల దగ్గరున్న సందు నుంచే అవి దూరతాయి. నెలకోసారి కింది పలక తీసి చూడండి, అది ఒక క్లిప్పుతోనే ఆగి ఉంటుంది, చిన్నపిల్లలు కూడా తీయగలరు. చిమ్మటలకూ ఆ ఉన్ని ఫెల్టంటే ప్రాణం, చెదలకు కట్టె.

ఇంతకీ ఏది కొనాలి? డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లకు, కొత్తది, 121 సెంటీమీటర్లు పైన, మెత్తటి నాదం ఉన్నది. యమహా, కవాయ్‌లలో ఒకటి ఎంచమంటే ఈ ఊరికి నేను కవాయ్ అంటాను, కారణం పైన చెప్పాను. డబ్బు చూసి ఖర్చుపెట్టాల్సినవాళ్లకు మేలో పరీక్షకు నిలిచిన పాత జపాన్ అప్‌రైట్. రెండూ కానివాళ్లు మంచి డిజిటల్‌తో ఆగండి, ఆగినందుకు సిగ్గుపడాల్సిందేమీ లేదు. తీగల పియానో ఏది కొన్నా ధరలో పదో వంతు పక్కన పెట్టి, దాన్ని ట్యూనర్ డబ్బు అనుకోండి. మొదటి ఏడాది కొత్త తీగలు సాగుతూ ఉంటాయి కాబట్టి మూడు నాలుగుసార్లు, తర్వాత ఏడాదికి రెండుసార్లు. ట్యూనర్ హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో రావాలి, ఆయన ఫీజుతో పాటు రానుపోను ఖర్చులు, ఒక పూట భోజనం. ఊళ్లో పియానోలున్న ఇళ్లవాళ్లు నలుగురు కలిసి ఒకే రోజు పిలిపిస్తే ఆ ఖర్చు పంచుకోవచ్చు. మేమిప్పుడు చేస్తున్నది అదే, నవంబరులో ఒకసారి, వానలకు ముందు జూన్‌లో ఒకసారి.

బిల్లు రాయించుకునేటప్పుడు దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకు, అంటే కట్టె మన గాలికి అలవాటు పడ్డాక, మొదటి ట్యూనింగ్ మీ ఇంట్లోనే ఉచితంగా చేస్తామని కూడా రాయించండి. "కర్నూలుదాకానా?" అంటారు. ఔను, కర్నూలుదాకా. స్టూలు ఫ్రీగా ఇస్తామంటారు, అది ఎత్తు తగ్గించి పెంచుకోగలిగేది కాకపోతే దానికి బదులు ధర తగ్గించమనండి.